గుట్ట మీది తోట, మా చిన్నమ్మ

పోయిన మంగళవారం పొద్దుగాల మా చిన్నమ్మ కన్నుమూసింది. ఆర్మూర్ల మా వాడకట్టోళ్లకు ఆమె బీడీలు చేసే మనిషి. గుట్ట మీద దొరల కాలంనాటి తోటను మళ్లీ లేపింది ఆమేనంటె ఇప్పటికీ కొందరు నమ్మరు.

చిన్నాయిన దుబాయ్ పోయి మళ్లీ రాలె. ఆ బాధల ఉన్నప్పుడే, కట్టెలకు గుట్టెక్కిన చిన్నమ్మకు కూలిన రాతికట్టల నడుమ సంపెంగ చెట్టు కనబడ్డదట. "ఎవ్వలు చూడకున్నా పూస్తున్నది బిడ్డా. నాకే సిగ్గయింది" అన్నది నాతోని.

ఆ చలికాలమే మొదలువెట్టింది. పడిపోయిన రాళ్లు ఏరి కట్టలు పేర్చింది. దానిమ్మ, జామ, మల్లె నాటి, చలిగాలికి మాడకుండ వరిగడ్డి కప్పింది. బండల నడుమ నిలిచిన నీళ్లు బిందెతో మోసేది. వాడకట్టు ఆడోళ్లు కొందరు తోడు పోయేటోళ్లు. మొక్కకు నీళ్లు పోసి "ఇగ నీ ఇష్టం" అనేది.

తొంభైలల్ల ఒక చలికాలం, గుట్టల్ల నక్సలైట్ అన్నలున్నరని తనిఖీలు ఎక్కువైనయి. చిన్నమ్మ నెత్తిమీది గడ్డిమోపును పోలీసులు కర్రతో పొడిచి చూసిండ్రు. లోపల సద్దిగిన్నె దొరికింది.

"ఎవరికి మోస్తున్నవ్?"

"గడ్డి మొక్కలకు, సద్ది నాకు సార్."

నమ్మలె. దినమంత స్టేషన్ల కూసోబెట్టిండ్రు. "మా మరదలు సార్, తోట పని తప్ప ఏం తెల్వదు" అని నాయిన మొత్తుకుంటె, వాడకట్టోళ్లతోని చెప్పియ్యమన్నరు. నాయిన ఇల్లిల్లు తిరిగిండు. తోడు పనిచేసిన ఆడోళ్లు సుత తలుపు తియ్యలె. మళ్లా గుట్టెక్కనని చెప్పించుకొని, పొద్దుగూకినంక ఇడిసిపెట్టిండ్రు.

అమ్మ ఆ ఆడోళ్లను తిట్టబోతె చిన్నమ్మ ఆపింది. "వాళ్లకు పిల్లలున్నరక్కా. భయపడ్డోళ్ల మీద కోపమెందుకు?" అన్నది.

ఆ చలికాలమంత గుట్ట దిక్కు చూడకుండ బీడీలు చుట్టింది. నీళ్లు లేక మొక్కలు ఎండినయి. మనుషులు దాక్కునేటందుకు చాటైతున్నదని పోలీసులు సంపెంగను నరికిండ్రు. ఆ సంగతి తెలిసిన దినం ఆమె అన్నం ముట్టలె.

తనిఖీలు తగ్గినంక మళ్లీ పోయింది, ఒక్కతే. ఎండిన జాగలల్ల కొత్తగ నాటింది. నరికిన మోడు చిగురుపెట్టింది. అయితె జీపు చప్పుడు వినబడితె బిందె దించి పక్కకు నిలబడే అలవాటు మాత్రం ఆమెకు చివరిదాక పోలె.

పోయిన నెల ఊపిరాడని దమ్ముతోని గుట్ట ఎక్కలేకపోతుంటె, చెయ్యి పట్టుకొని తోటకు తీస్కపోయిన. కట్ట మీద కూసుంది. కింద చేన్లల్ల పసుపు ఉడకవెడ్తున్నరు. ఆ ఆవిరి లేచి మంచుల కలుస్తున్నది. దిగుదామా అంటె తల అడ్డంగ ఊపింది. ఎండ మెల్లగ ఆమె పాదాల మీదికి వచ్చింది. "జరసేపు కూసుందాం" అన్నది.