పొట్టి ఆవు పోని దారి

కుప్పంలో మా పక్కింటివాళ్లు ఈమధ్య ఒక పొట్టిజాతి పుంగనూరు ఆవును కొన్నారు. నేను రాసుకునే గది కిటికీ అంచుకు సరిగ్గా దాని మూతి అందుతుంది. నిన్న సాయంత్రం మేసిన వేరుశనగ కట్టె మేత వాసనతో దాని వెచ్చటి ఊపిరి నా చేతిమీద పడింది. బల్లమీద నా నవల అచ్చుప్రతులున్నాయి. జబ్బుపడిన పిల్లల కబుర్లను కొండలు దాటిపోయి తల్లులకు చేర్చే పొట్టి ఆవు కథ మా వైపు వినని బిడ్డ లేదు. ఇప్పుడు బొమ్మల పుస్తకంగా కూడా వచ్చింది. వెనకటి కాలంలో ఆ కథ ఎలా పుట్టిందన్నదే నా నవల. ఆవు నిజంగా వెళ్లిందో లేదో చివర్లో తేల్చకుండా వదిలేయమని సంపాదకుడు అడుగుతున్నారు. ఆ కథను పుట్టించిన సుగుణమ్మగారు ఎలాంటి మనిషో ఆయనకు తెలియదు.

ఆమె పుంగనూరులో మా సండే స్కూలు టీచరమ్మ. తెల్లచీర, నల్లగొడుగు. బైబిలు వాక్యం బోధించాక చివర్లో ఆవు కథ చెప్పేవారు. నా చిన్నప్పుడు మా అమ్మ ఆపరేషనై మదనపల్లె ఆసుపత్రిలో ఉండిపోతే, నన్ను అవ్వ దగ్గర ఉంచారు. మా సంఘంలో పిల్లలు వంతులవారీగా లేచి ఆరాధనలో ప్రార్థన చేయాలి. ఆ ఆదివారం నా వంతు. కళ్లు గట్టిగా మూసుకుని, "ప్రభువా, మా అమ్మ కాడికి పొట్టి ఆవును పంపు" అన్నాను. సంఘం ఆమేన్ అనలేదు.

ఆరాధన ముగిసినా ఎవరూ కదల్లేదు. సంఘపెద్ద దేవసహాయంగారు చెడ్డవారు కారు. విగ్రహాలు వదిలి వచ్చిన మొదటి తరం మనిషి. బిడ్డలు మళ్లీ ఆవుకు మొక్కుతారేమోనని ఆయన నిజంగానే భయపడ్డారు. టీచరమ్మ అందరి ముందు నిలబడి ఆ కథ అబద్ధమని సాక్ష్యం చెప్పాలి, లేదా పిల్లల తరగతి వదులుకోవాలి అన్నారు. అవ్వ నా మోచేతిని బిగించి పట్టుకుంది. "ఆవుకు బాప్తీస్మం ఎప్పుడిస్తారు టీచరమ్మా?" అని వెనక ఎవరో గొణిగితే ఒకరిద్దరు నవ్వారు. బైబిలులో దేవుడు గాడిదచేత మాట్లాడించలేదా అని ఆమె అడగవచ్చు. అడగలేదు. మా సంఘంలో సాక్ష్యానికి నిలబడినవాళ్లు తాము చూసింది, చేసింది మాత్రమే చెప్పాలి. ఆమె గొడుగు బెంచీమీద పెట్టి లేచారు.

వయసులో ఉన్నప్పుడు మదనపల్లె దగ్గర ఒక క్షయ ఆసుపత్రిలో తాను ఆయాగా చేశానని చెప్పారు. పిల్లల వార్డులోకి తల్లులను రానివ్వని కాలమది. కుప్పం దగ్గరి పల్లె పిల్ల ఒకతె అమ్మ కోసం బెంగపెట్టుకుని అన్నం మానేసింది. కిటికీ దగ్గరికి మేతకొచ్చే పొట్టి ఆవును చూపించి, ఇది మీ అమ్మను చూసివస్తుందని చెప్పి నాలుగు ముద్దలు తినిపించారట. మర్నాడు ఆ పిల్ల, అమ్మ ఏమన్నదని అడిగిందట.

దేవసహాయంగారు మధ్యలో ఆపారు. "సూటిగా సెప్పమ్మా. ఆవు పోయిందా, లేదా?"

"పోలేదప్పా. నేను పోతిని."

సెలవడిగి, బస్సెక్కి, పల్లె వెతుక్కుంటూ వెళ్లి ఆ తల్లిని కలిశారట. ఇంట్లో మేకపిల్ల పుట్టిందనీ దానికి కూతురి పేరే పెట్టుకున్నాననీ ఆమె చెప్పి పంపిన కబురు తెచ్చారట.

"బిడ్డతో అన్న మాట అబద్ధం కాకూడదని పోతిని. ఇప్పుడు దాన్ని అబద్ధమని యాల సెప్పాల? ఆవు పోలేదని ఈ పాపకూ నేనే సెప్తా. తరగతి సంగతి మీ ఇష్టం."

దేవసహాయంగారు తల వంచుకుని, ప్రార్థన చేద్దాం అన్నారు. ఆమేన్ అన్న వెంటనే ఆమె నా దగ్గరికొచ్చి వంగారు.

"ఆవు పోదు పాపా. మీ అమ్మకు ఏం సెప్పాలో నాకు సెప్పు."

నేను చెప్పింది విని, అటునుంచి అటే గొడుగు తీసుకుని మదనపల్లె బస్సుకు వెళ్లారు. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చి, "నీకు జడ ఎవురు ఏస్తాండారని అడిగింది మీ అమ్మ" అన్నారు. అలా అడిగేది మా అమ్మ ఒక్కతే. తర్వాతి ఆదివారం తరగతి ఆమెదే. వెనక బెంచీలో దేవసహాయంగారు వచ్చి కూర్చున్నారు, కథ కోసమో కాపలాకో.

సంపాదకుడికి ఈరోజు ఫోన్ చేసి, నా నవలలో ఆవు కిటికీ దగ్గరే ఉంటుందనీ బస్సెక్కేది ఆయా అనీ చెప్పేశాను. నేనూ సంఘంలో చాలామందికి, మీ కోసం ప్రార్థన చేస్తానని మాటిస్తుంటాను. ఇచ్చిన ప్రతిసారీ, వాళ్ల ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను.