సర్వర్ లేదన్నాను

ఆండర్సన్‌పేటలో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. బంగారు గనులు మూతపడ్డాక ఊళ్లో ఏ పనికైనా దరఖాస్తే దిక్కు. ఆ దరఖాస్తులన్నీ నా దగ్గరికే వచ్చేవి. పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి తెచ్చినప్పుడు, "మన దగ్గర అంతా లేటెస్టే" అని వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నాను. గొప్పలకు పోతే తిప్పలు తప్పవంటారు. గొప్పలు నావి, తిప్పలు పడింది ఇంకొకరు.

చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల ఇళ్ల లైన్లలో ఉండే ఒక ముసలావిడ, గనిలో పనిచేసి పోయిన భర్త పేరు మీదున్న ఇంటిని తన పేరుకు మార్పించుకోవాలని వచ్చింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. నెలాఖరు దాటితే ఇల్లు ఖాళీ చేయమంటారని ఆమె భయం. ఆ సైటు ఏ కాలం నాటిదో! నా కొత్త బ్రౌజర్‌లో ఫారం అంతా నింపనిచ్చి, చివర్లో సబ్మిట్ నొక్కితే ఉలకదు, పలకదు. అది పాత బ్రౌజర్‌కే లొంగుతుందని నాకు తెలుసు. కొత్తదాన్నే పాతదానిలా నడిపించే మోడ్ ఒకటుందనీ తెలుసు. సెట్టింగుల్లో వెతికి ఆ సైటు పేరు చేర్చాలి, అంతే. బద్ధకించాను. పైగా కొత్త మిషన్ మీద పాతదాన్ని నడపడం నామోషీ అనిపించింది.

"సర్వర్ లేదమ్మా, ఎల్లుండి రా" అన్నాను. మా సెంటర్ల వాళ్లకు ఆ మాట ఊతపదం. ఎవరూ ఎదురు అడగరు.

ఆమె ఎల్లుండి వచ్చింది. మళ్లీ వచ్చింది. నాలుగుసార్లు, ఆటో ఎక్కకుండా, కాగితాల కవరు చంకలో పెట్టుకుని నడిచే వచ్చింది. "సర్వర్ వచ్చినాదా అప్పా?" అని అడిగేది, అదేదో బేతమంగళ బస్సయినట్టు. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

గడువు దాటిన మూడో రోజు ఒక హెడ్‌మాస్టరుగారు వచ్చారు. ఆయన స్కూలు పనులకు వాడే సైటుదీ అదే రోగం. ఆయనకు సర్వర్ లేదని చెప్పడానికి నోరు రాలేదు. కూర్చుని ఆ మోడ్ పెట్టాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రమే ఆమె వచ్చింది. ఆమె సైటునూ అదే మోడ్‌లో తెరిచాను. ఈసారి సబ్మిట్ బటన్ బుద్ధిగా పనిచేసింది. గడువు ముగిసిందని ఎర్రక్షరాలు వచ్చాయి. చదివి చెప్పాను.

"అమ్మా, తప్పు నాది..." అని మొదలుపెట్టాను. ఆమె పూర్తి చేయనివ్వలేదు.

"నీ తప్పేముండాదప్పా! మా ఆయన గనిలో ఉన్నప్పుడు, పైకి లాగే కేజ్ రాకుంటే అందరూ లోపలే కాచుకోనుంటారంట. కేజ్ నడిపేవాణ్ణి మాత్రం ఎవురూ తిట్టరంట. మన ప్రాణం వాని చేతిలో ఉండాది, వాడు కావాలని ఆపతాడా అనేవాడు మా ఆయన. ఇంగ వస్తానప్పా."

కవరు మడిచి చంకలో పెట్టుకుంది. నేను కావాలనే ఆపాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయేదాకా ఆ ఒక్క ముక్క నా నోటికి రాలేదు.