ఎదుటి తొట్టి

నిన్న సాయంత్రం పెనం మీద దోసె తిప్పబోతుండగా ముక్కుకు తగిలింది ఆ వాసన. మాడిన పిండి వాసన కాదు, వేడెక్కిన తీగ మీద ప్లాస్టిక్ మెత్తబడే వాసన. అట్లకాడతోనే హాల్లోకి పరుగెత్తి, ఏం చేస్తున్నానో తెలిసేలోపే బ్యాటరీ తీగ ఊడబెరికాను. మా అమ్మాయి నాజ్నీన్ బిక్కమొహం వేసింది. దాని తమ్ముడు ఇర్ఫాన్ కాలుతున్న మోటారును నోటితో ఊదుతున్నాడు.

ఆత్మకూరులో వాళ్ళు చదివే బడికి రోబోటిక్స్ ప్రాజెక్టుగా కట్టిన రంగులరాట్నం అది, నిలువుగా తిరిగేది. ఉదయగిరి నుంచి మా అమ్మీ పంపిన చెక్క గరిటెల కాడలు కోసేసి, ఆ గిన్నెలనే తొట్లుగా వేలాడదీశారు. ముందు చెయ్యి ఊపితే సెన్సర్ కనిపెట్టి రాట్నాన్ని తిప్పాలి, కొన్ని చుట్లయ్యాక అదే ఆగాలి. ఖాళీ తొట్లతో చక్కగా తిరిగింది. నిన్న ఇర్ఫాన్ పెన్న ఒడ్డున ఏరిన గులకరాళ్ళకు స్కెచ్ పెన్నుతో కళ్ళూ మూతులూ గీసి, ఇంటిల్లిపాదినీ ఒకే తొట్టిలో ఎక్కించాడు. నాకోసం అన్నిటికన్నా పెద్ద రాయి ఏరి, కనుబొమలు ముడిచి మరీ గీశాడు. రాట్నం కదల్లేదు, మోటారు మూలిగింది.

తెల్లారితే బడిలో చూపించాలి. నేను దాన్ని బీరువా మీదికెక్కించి, మోటారు లేకుండా ఉత్త బొమ్మగా తీసుకెళ్ళండి అన్నాను. తిరగని రాట్నాన్ని ఎవరు చూస్తారమ్మీ అని నాజ్నీన్ దోసె ముట్టకుండా పడుకుంది.

పిల్లలు పడుకున్నాక, మిగిలిపోయిన ఒక గరిటె గిన్నెను చేతిలోకి తీసుకుంటే ఆ కొయ్య వాసనకు ఉదయగిరిలో మా నానా, అంటే అమ్మీ వాళ్ళ నాన్న, ఇల్లు కళ్ళముందుకొచ్చింది. వసారా నిండా గరిటెలు చెక్కడానికి దుర్గం కొండ నుంచి తెచ్చిన నర్ది కొయ్య, నీళ్ళ తొట్టెలో నానుతున్న ముక్కలు, ఉలి కింద నుంచి చుట్టలు చుట్టుకుంటూ రాలే పొట్టు, ఆ పొట్టును జడల్లా చెవులకు తగిలించుకుని తిరిగే మేం అక్కాచెల్లెళ్ళం, ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ చల్లటి పొట్టు కుప్ప మీదే పడి నిద్రపోవడం, లేచేసరికి బుగ్గల మీద దాని అచ్చులు. ఇక దర్గాలో గంధం పండగ వస్తే ఊరంతా అగరొత్తులు, మల్లెలు, ఉడికించిన శనక్కాయలు, బాణలిలో పొంగే బెల్లం పాకం. వాటన్నిటి మధ్య మనుషులు చేత్తో తిప్పే చెక్క రంగులరాట్నం.

మా నానీకి, అంటే అమ్మమ్మకు, ఒక పట్టుదల ఉండేది. బస్సయినా బండయినా ఇంటివాళ్ళంతా ఒకే చోట కూర్చోవాలి. ఒక ఏడాది గంధం పండగ రాట్నంలోనూ అంతే. తను కూర్చుని, మమ్మల్నందరినీ చుట్టూ ఇరికించుకుంది. అమ్మీ మాత్రం ఎక్కలేదు. నిచ్చెన చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి ఆమె, మా చెప్పుల సంచీ, అన్నం డేక్సా పట్టుకుని కింద నిలబడి, జారతారు, పడతారు, గట్టిగా పట్టుకోండి అని సణుగుతూనే ఉంది.

రాట్నం వాళ్ళు ఎంత నెట్టినా మా తొట్టి నేలను వదల్లేదు.

"అవ్వా, బరువంతా ఒక పక్కే ఉండాది. సగం మంది దిగి ఆ పక్క ఎక్కండి," అన్నాడు తిప్పేవాడు.

"పిల్లోళ్ళను నాకాడ నుంచి ఇడదీస్తావా? నెట్టేది చేతగాక నా మీద పెడతావేంది," అంది నానీ.

చుట్టూ జనం చేరారు. మర్రిపాడు రోడ్డులో లారీ ఉండాది, తాడు కట్టి లాగండిరా అని ఎవరో అంటే నవ్వులే నవ్వులు. నానీ దిగదు, రాట్నం లేవదు. చివరికి అతను అమ్మీ వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వన్నా ఎదుటి తొట్టిలో ఎక్కు. లేకుంటే ఈ పిల్లోళ్ళు తిరగరు."

అమ్మీ మా మొహాలు చూసింది. చెప్పుల సంచీ, డేక్సా ఒళ్ళో పెట్టుకుని, పూలమ్మే లావుపాటామెను తోడు పిలుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. మేం గాల్లోకి లేచాం. మేం పైకెళితే అమ్మీ కిందికి, అమ్మీ పైకెళితే మేం కిందికి. మొదటి చుట్టులో ఆమె దువా చదువుతోంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఆ తర్వాత కొండకూ ఆకాశానికీ మధ్య, డేక్సాను కావలించుకుని, చిన్నపిల్లలా పకపకా నవ్వుతోంది. అమ్మీ అంత పైన ఉండటం, అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు గంధం పండగకు వచ్చేవన్నీ జనరేటర్ మీద తిరిగే ఇనుప రాట్నాలే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో బతిమాలి చెప్పేవాళ్ళు లేరు. నానీ లేదు, నానా ఉలి మోత లేదు, ఆ వసారాలో పొట్టు కుప్ప లేదు.

ఈ పొద్దున బీరువా మీది నుంచి రాట్నం దించి పిల్లల ముందు పెట్టాను. మా ఇంటి గులకరాళ్ళన్నీ ఇంకా ఒకే తొట్టిలో ఇరుక్కుని ఉన్నాయి. నేను కోప్పడతానేమోనని ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"అందర్నీ ఒక పక్కే కుక్కితే అది ఎట్ట లేస్తుంది," అన్నాను. "నన్ను తీసి ఎదుటి తొట్టిలో పెట్టండి. ఇప్పుడు తీగ తగిలించండి, చూద్దాం."