సీకట్లో దొరికిన మాట

జోగయ్యకు లిఫ్టంటే భయం. రాజాంలో కొత్తగా కట్టిన చీరల షాపులో వాచ్‌మన్‌గా చేరాడు. ప్రారంభోత్సవానికి ఇద్దరు సినిమా తారలు వస్తుంటే, యజమాని జగన్నాధం అతన్ని లిఫ్టు నడపమని లోపల నిలబెట్టాడు.

"ముందు హేమబిందు గారిని ఎక్కించు. ఆవిడ పై అంతస్తులో దిగినాకే కుముదిని గారు. ఆలిద్దరికీ ఏళ్లనుంచి మాటల్లేవు. ఒక్కదగ్గిర కలిసినారో, నీ పని అయిపోనాది."

జోగయ్య బుర్ర ఊపాడు. తీరా తలుపు తెరుచుకునేసరికి, జనం తోపులాటలో హేమబిందు వెనకే కుముదిని కూడా లోపలికి వచ్చిపడింది. తలుపు మూసుకుంది. తారలిద్దరూ చెరో గోడకేసి తిరిగారు. తొందరగా పైకి చేరితే చాలనుకుని జోగయ్య మీట నొక్కాడు. సగం దారిలో కరెంటు పోయింది.

చిమ్మచీకటి. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. తాడు తెగుతుందనీ, ముగ్గురూ పోతారనీ, పేపర్లో తన పేరైనా వెయ్యరనీ జోగయ్యకు అనిపించింది. "శ్రీకూర్మనాథా!" అంటూ కూలబడ్డాడు.

"ఓలమ్మో! సచ్చిపోతన్నానే! ఎవులైనా తలుపు తియ్యండర్రా!"

జోగయ్య అదిరిపడ్డాడు. ఆ కేక కుముదినిది. టీవీ ఇంటర్వ్యూల్లో పుస్తకం చదివినట్టు మాట్లాడే కుముదినిది!

"నీది ఈ ప్రాంతమా?" చీకట్లో హేమబిందు గొంతు.

"నరసన్నపేట. మరిసిపోనావేటి? ఆ రోజు సెట్లో నా మాట విని నవ్వినావు. నిన్ను సూసి అందరూ నవ్వినారు. అప్పట్నుంచి నా సినిమాలన్నిట్లో వేరేవాళ్ల గొంతే."

"నవ్వాను," అంది హేమబిందు. "నువ్వంత బాగా ఏడ్చిన సీను చూసి హడలిపోయాను కుముదినీ. ఇక నన్నెవరూ సినిమాలకి పిలవరనుకున్నాను. నిన్ను తగ్గించడానికి ఏదో ఒకటి కావలసొచ్చింది."

లిఫ్టు మళ్లీ కుదిపింది. ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"అమ్మా, నా జుత్తు!" అన్నాడు జోగయ్య.

"జుత్తా? పట్టుకోడానికి ఏదో తాడనుకున్నాను!" అంది హేమబిందు, వదలకుండానే.

కుముదిని పకపకా నవ్వింది. హేమబిందూ నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో జోగయ్యకు తెలియలేదు.

లైటు వెలిగింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. హేమబిందు తన కొంగుతో కుముదిని చెంప మీది కాటుక తుడిచింది. లిఫ్టు కదిలింది. కుముదిని జోగయ్య వైపు తిరిగి, "ఇక్కడ విన్నవి దయచేసి బయట చెప్పకండి" అంది. గొంతు మళ్లీ టీవీలో గొంతయిపోయింది. చీకటికంటే ఆ మార్పుకే అతనికి ఎక్కువ భయం వేసింది.

వేదిక మీద ఇద్దరూ చెరో చివర నిలబడ్డారు. కుముదిని మైకు తీసుకుని పుస్తకభాషలో నాలుగు ముక్కలు మాట్లాడింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది హేమబిందు. తర్వాత ఎవరి కారులో వాళ్లు వెళ్లిపోయారు.

జగన్నాధం జోగయ్యను పక్కకు లాగాడు. "లోపల ఏటయినాది? కొట్టుకున్నారేటి?"

"ఏటీ నేదు బాబూ. బయపడిపోనాం."

"ఎవులు?"

"నేనే బాబూ. నన్ను గేటుకాడికి పంపించీండి."