కేస్ షీటులో రైళ్ళు

భయం గురించి రాసేవాళ్ళు గొంతు తగ్గించుకుని రాస్తారు. నాకది చేతకాదు. నాకు భయం ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. నన్ను ఇంట్లోంచి బయటికి లాగింది చాలావరకు ఆ కోపమే.

హౌరా పక్కన లిలువాలో ఒక హిందీ మీడియం ఆడపిల్లల స్కూల్లో పదకొండేళ్ళు లెక్కలు చెప్పాను. ఒకరోజు బోర్డు మీద బీజగణితం రాస్తుంటే ఉన్నట్టుండి ఊపిరాడలేదు. చేతులు చల్లబడ్డాయి, ఈ క్షణం చచ్చిపోతున్నాననిపించింది. చాక్‌పీసు పడేసి బయటికి పరిగెత్తాను. గుండెజబ్బేమో అనుకున్నాం గానీ ఈసీజీ నిక్షేపంలా ఉంది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత అది వస్తుందేమోనన్న భయమే ఒక రోగమైంది. మొదట స్కూలు గేటు దగ్గర ఆగిపోయాను, కొన్నాళ్ళకి మా వీధి మలుపు దగ్గర, చివరికి మా ఇంటి గుమ్మంలో. దీన్ని యాంగ్జైటీ డిజార్డర్ అంటారని డాక్టర్లు చెప్పారు. మూడేళ్ళలో నాలుగు రకాల మాత్రలు మింగాను. వాటివల్ల ఒళ్ళు వచ్చింది, నిద్ర వచ్చింది, గుమ్మం మాత్రం దాటలేదు.

దుర్గాపూజ సెలవుల ముందు మా హెడ్‌మిస్ట్రెస్ ఇంటికొచ్చారు. ఇన్నాళ్ళూ నా చోట ఇంకొకరిని తాత్కాలికంగా పెట్టి నెట్టుకొచ్చిన మంచి మనిషి ఆవిడ. "జనవరిలో కొత్త క్లాసులు మొదలయ్యే రోజు నువ్వు బోర్డు ముందుండాలి. లేకపోతే కమిటీ ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేస్తుంది, ఇక నేను ఆపలేను" అన్నారు. వస్తానన్నాను. వీధి మలుపు దాకా వెళ్ళలేని మనిషిని, ఏ ధైర్యంతో అన్నానో తెలీదు. అన్నాక మాత్రం పట్టుబట్టాను. బోర్డు ముందు నిలబడ్డం తప్ప నాకు ఇంకో పని రాదు, ఇంకో పని అక్కర్లేదు కూడా.

కెటమిన్ సంగతి నాకు చెప్పింది దక్షిణ కోల్‌కతాలో క్లినిక్ నడిపే ఒక మానసిక వైద్యురాలు. ముందు ఫోన్లోనే మాట్లాడింది. బెంగాలీ మనిషి, మాట నిక్కచ్చి. ఆపరేషన్లలో ఎప్పటినుంచో వాడుతున్న మందే, చాలా తక్కువ మోతాదులో సెలైన్‌తో పాటు నరంలోకి ఎక్కిస్తారట. "దిగులు వ్యాధికి దీని గురించి మాకు కొంత తెలుసు. నీలాంటి భయానికి తెలిసింది ఇంకా తక్కువే. అందరికీ పనిచెయ్యదు, పనిచేసినా నిలుస్తుందని హామీ ఇవ్వను. మిగతావన్నీ వాడి చూశావు కాబట్టి చెబుతున్నాను" అంది. అరచేతిలో వైకుంఠం చూపించనందుకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఇంట్లో నేనూ అమ్మే ఉంటాం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు, నాన్న కూడా అక్కడే చేసి పోయారు. ఇప్పటికీ మేం రైలుపట్టాల పక్కనే అద్దెకుంటాం. అమ్మకి దాపరికం లేకుండా చెబుదామని, "ఆపరేషన్లప్పుడు ఇచ్చే మత్తుమందమ్మా, కొంచెమే ఇత్తారు" అన్నాను.

అమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "మత్తుమందా? ఓలే, నీకు బుర్రేటైనా ఉందా? మీ మావయ్యని మోసుకెళ్ళి తగలెట్టింది సాలదేటి?"

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, వాట్‌గంజ్ డాక్‌లో ఓడల సరుకు దించేవాడు. ఏదో పొడి పీల్చడం మరిగి నలభై నిండకుండా పోయాడు. వాంతులెత్తి కడిగిందీ, ఇంట్లో గిన్నెలు మాయమవుతుంటే తలుపుకి తాళమేసిందీ అమ్మే. మన భాషలో ఆపరేషన్ బల్ల మీద ఇచ్చేదీ మత్తుమందే, మావయ్యని మింగిందీ మత్తుమందే. అమ్మకి ఆ రెండిటికీ మధ్య గోడ లేదు. కెటమిన్ కూడా దారి తప్పితే అలవాటయ్యే మందేనని డాక్టరే చెప్పింది కాబట్టి అమ్మది ఉత్త మూఢత్వమని నేనూ అనలేకపోయాను. "నాను ఆ గడప తొక్కను" అని తేల్చేసింది అమ్మ.

ఇది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటు. పాత కాగితాలన్నీ పంపమంటే పంపాను. రెండ్రోజులకి డాక్టర్ ఫోన్ చేసింది. "నీకు ఈ మందు ఇవ్వలేను. నీకు భ్రమలు ఉన్నాయని ఇందులో రాసుంది. అలాంటివాళ్ళకి కెటమిన్ ఇస్తే అవి రేగుతాయి."

భ్రమలేమిటని గింజుకున్నాను. ఆవిడ చదివి వినిపించింది. "రోగి తన ఛాతీలోపల రైళ్ళు నడుస్తున్నాయని చెబుతోంది. రెండు దిక్కులా నడుస్తాయని అంటోంది."

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట మొదటిసారి ఒక పెద్దాసుపత్రి ఓపీకి వెళ్ళాను. వణుకుతున్నాను. కుర్ర డాక్టరు ఎలా ఉందని అడిగాడు. నేను ఇక్కడే పుట్టాను, నా బెంగాలీకి వంక పెట్టేవాళ్ళు లేరు. కానీ భయమేస్తే మాత్రం నాకు అన్నీ తెలుగులోనే తోస్తాయి. గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి అన్నది నోటిదాకా వచ్చింది, దాన్నే ముక్కకి ముక్క బెంగాలీ చేసి పారేశాను. "బుకేర్ భేతొర్ ట్రేన్ చోల్ఛే!" అతను పెన్ను ఆపి, "ఇప్పుడు కూడానా?" అన్నాడు. "ఇప్పుడైతే మరీనూ" అన్నాను. "ఎన్ని రైళ్ళు?" అన్నాడు. ఈ పిల్లాడు నాతో పరాచికాలాడుతున్నాడనుకుని నాకు ఒళ్ళు మండింది. "లెక్కపెట్టలేదు. అప్ లైనూ, డౌన్ లైనూ రెండూ నడుస్తున్నాయి" అన్నాను. అతను బుద్ధిగా అంతా రాసుకున్నాడు.

ఫోన్లో ఇదంతా విని డాక్టర్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ భ్రమలున్న వాళ్ళు కూడా లేవనే చెబుతారు. నిన్ను నేను మళ్ళీ మొదట్నించీ పరీక్ష చెయ్యాలి. నీతో ఒకే ఇంట్లో ఉండే మనిషి వచ్చి నాకు చెప్పాలి" అంది. ఒకే ఇంట్లో ఉండే మనిషంటే అమ్మ. ఆవిడ నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఈ వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది, దాంతోపాటే నా స్కూలు కూడా. ఆ సంగతి నాకూ తెలుసు, ఫోన్ మాటలన్నీ పక్కనుండి విన్న అమ్మకీ తెలుసు.

ఆ మధ్యాహ్నం అమ్మ ఎండుచేపలు బాగుచేస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నానొచ్చి నీకు మత్తెక్కించమని సెప్పాలేటి?" అంది తలెత్తకుండానే.

"అలాగ సెప్పొద్దు. నాకు పిచ్చి లేదని సెప్పు. అబద్ధమైతే అదీ సెప్పకు."

అమ్మ ఇంకో చేప తల తుంచింది. మర్నాడు మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని గుమ్మం దాటాను, లోకల్ ఎక్కాను, హౌరా నుంచి బస్సులో కళ్ళు మూసుకుని నది దాటాను. దిగేసరికి నా గోళ్ళు గుచ్చుకుని ఆవిడ మణికట్టు ఎర్రగా కందిపోయింది.

క్లినిక్‌లో డాక్టర్ అమ్మనే అడిగింది, మీ అమ్మాయికి రైళ్ళు వినబడతాయా అని.

అమ్మ బెంగాలీలో నలభై ఐదేళ్ళ వీధి కొళాయి అనుభవం ఉంది. "లిలువాలో ఉండి రైళ్ళు వినబడకపోతే చెవుడని అర్థం, డాక్టర్‌దీదీ" అంది.

"చెవిలో కాదమ్మా, గుండెలో."

అప్పుడు అమ్మకి కోపం వచ్చింది. నా కోపం ఎక్కణ్ణించి వచ్చిందో ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. "దీదీ, భయమేస్తే మీ బెంగాలీవాళ్ళకి కాళ్ళూ చేతులూ కడుపులోకి దూరిపోతాయి కదా? మా పక్కింటి బౌదీ రోజుకి రెండుసార్లు అంటుంది. ఆవిడ కడుపుకి ఎవరైనా ఎక్స్‌రే తీశారా? మీకు కాళ్ళు కడుపులోకి పోతాయి, మాకు గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి. మా ఊళ్ళో ఈ మాట అనని మనిషి ఉండడు. ఊరందరికీ పిచ్చేనా?"

డాక్టర్ ఒక్క క్షణం చూసి పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి గంటకు పైగా మా ఇద్దర్నీ విడివిడిగా, అడిగిందే తిప్పి తిప్పి అడిగింది. చివరికి పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి, అది ఆ భాషలో జాతీయమనీ, భ్రమ కాదనీ రాసి సంతకం చేసింది.

మెట్లు దిగుతూ అమ్మ అంది, "నాను వొద్దని సెప్దామనే వచ్చినాను."

"మరెందుకు సెప్పలేదు?"

"నా కూతుర్ని పిచ్చిదంటే ఊరుకుంటానేటి?"

ఆ మెట్ల మీదే నాకు ఏడుపొచ్చింది. అమ్మ మందుకి ఒప్పుకోలేదు, నాకోసం ఒప్పుకుంది.

వారానికి రెండుసార్ల చొప్పున ఆరుసార్లు ఎక్కించారు. చేతికి బీపీ పట్టీ, వేలికి క్లిప్పు, పక్కనే నర్సు. ముప్పావుగంట పట్టేది. మొదటిసారి బుర్ర నా చేతిలోనే ఉంచుకుందామని పదిహేడో ఎక్కం చదవడం మొదలుపెట్టాను. పదిహేడు ఆర్ల దగ్గర అంకెలు నన్నొదిలేసి వెళ్ళిపోయాయి. నా చేతులు ఎవరివో అనిపించాయి. భయం పోలేదు, కానీ అది పక్కింటివాళ్ళ తగువులాగా గోడ అవతల వినబడింది. వాళ్ళేదో అరుచుకుంటున్నారు, నేను లేచి వెళ్ళక్కర్లేదు. మూడేళ్ళలో మొదటిసారి దాన్ని కాస్త దూరం నుంచి చూశాను. రెండోసారి బీపీ పెరిగి మధ్యలో ఆపేశారు. నాలుగోసారి ఏమీ జరగలేదు, కడుపులో తిప్పింది, అంతే.

ప్రతిసారీ నేను కళ్ళు తెరిచేసరికి అమ్మ నా మొహం మీదకి వంగి ఉండేది. "మళ్ళీ కావాలనిపిస్తందేటి?" అని అడిగేది. వాంతి వస్తోందని చెబితే ఆవిడ మొహం వెలిగిపోయేది. ఆరుసార్లూ అడిగింది. నేనూ విసుక్కోకుండా ఆరుసార్లూ చెప్పాను, నా జన్మలో అంత ఓపిక ఎప్పుడూ పట్టలేదు.

ఈ మందు వల్ల భయం పట్టు కాస్త సడలుతుంది, ఆ వ్యవధిలో నువ్వు పని చెయ్యాలి అంది డాక్టర్. చేశాను. రోజూ వీధి మలుపు దాకా, తర్వాత స్టేషను దాకా, తర్వాత సెలవులకి మూసి ఉన్న స్కూలు గేటు దాకా. ఒకరోజు బాగుండేది, రెండ్రోజులు చచ్చేట్టుండేది. గేటు ఊచలు పట్టుకుని ఇరవై నిమిషాలు నిలబడితే కాపలా ఉండే దర్వాన్ కుర్చీ తెచ్చాడు. వద్దన్నాను. కూర్చుంటే ఓడిపోతానని నా పిచ్చి పంతం.

జనవరి వచ్చింది. ఏడో తరగతి గదిలోకి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. నలభైమంది పిల్లలు లేచి నిలబడ్డారు. మూడు లెక్కలు బాగానే చెప్పాను. నాలుగోది రాస్తుంటే అది వచ్చింది. ఊపిరి బిగిసింది, చేతులు చల్లబడ్డాయి, చాక్‌పీసు విరిగి కింద పడింది. తలుపు వైపు చూశాను. ఏడు అడుగులు. మందు దీన్ని రాకుండా చెయ్యలేదని అప్పుడు అర్థమైంది. విరిగిన ముక్క వంగి తీసుకున్నాను.

ముందు బెంచీ పిల్ల మెల్లగా హిందీలో అడిగింది, ఒంట్లో బాగాలేదా మిస్ అని.

"ఒళ్ళు బాగానే ఉంది. భయంగా ఉంది" అన్నాను. చాక్‌పీసు ముక్క మళ్ళీ బోర్డుకి ఆనించాను. "నేనెక్కడికీ వెళ్ళడం లేదు. నాలుగో లెక్క రాసుకోండి."