సీటు హ్యాండిల్ కింద మీట

విమానాల భద్రత చూసే సర్కారు ఆఫీసులో నాది తనిఖీ ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, విమానం సీట్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే కమిటీలో మా తరఫున నన్ను కూర్చోబెట్టారు. రాసేది కంపెనీల వాళ్లు. మా పెద్దాఫీసరు ఒకటే చెప్పారు: "విను, నోరు విప్పకు. రేపు తనిఖీ చెయ్యాల్సింది మనమే. రాతలో చెయ్యి పెడితే తప్పు పట్టడానికి మొహం ఉండదు." నాకంతకన్నా ఏం కావాలి! బిస్కట్లు తింటూ, గంభీరంగా తలాడిస్తూ సమావేశాలు వెళ్లదీశాను. అక్క వాళ్ల ఊరు కవిటిలో మాత్రం విమానాలకు రూల్సు రాసేది నేనేనని చెప్పుకున్నాను.

అక్కడ మా అక్క మొగుడికి కొబ్బరితోట ఉంది. ఆ ఉద్దానం ప్రాంతంలో చాలామందికి వచ్చినట్టే ఆయనకూ కిడ్నీల జబ్బు వచ్చింది. డయాలసిస్ కోసం ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు. ఆ చెయ్యి నలగకూడదు, నలిగితే ప్రాణానికే ముప్పు. హైదరాబాదు డాక్టరుకు చూపించాలంటే పలాసలో రైలెక్కి రాత్రంతా కుదుపులు పడాలి. "విమానంలో తీసుకెళ్తా. విమానమంటే నాకు మన పెరడే" అన్నాను.

విశాఖలో ఎక్కాం. కాళ్లలో సత్తువ లేని బావను చక్రాల కుర్చీలోంచి సీట్లోకి జరపాలంటే నడవ వైపు హ్యాండిల్ పైకి లేవాలి. లేవలేదు. "ఇవి లేవవమ్మా" అని ఎయిర్ హోస్టెస్ అమ్మాయికి నేనే నచ్చజెప్పాను, అధికారి హోదాలో. అక్కా నేనూ ఆయన్ను ఎత్తి దింపుతుంటే ఆ ఎడమ చెయ్యి హ్యాండిల్‌కు రాసుకుపోయింది. అక్క ఏడుపు మొదలుపెట్టింది.

గాల్లో ఉండగా మాత్రల పొట్లం కింద పడింది. వంగి తీసి, లేవడానికి ఆ హ్యాండిల్‌నే అడుగున పట్టుకున్నాను. టక్కుమంది. హ్యాండిల్ పైకి లేచింది, నేను నడవలో కూలబడ్డాను. అడుగున కంటికి కనిపించని మీట ఉంది. దాని గురించి కమిటీలో పూటంతా మాట్లాడారు. నేను తలాడించాను.

మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వెక్కిరించే హక్కూ ఇద్దరిదీ.

"ఏటి బావా, ఈ రూల్సు నువ్వే రాసినావు కదేటి?"

"రాయలేదు బావా. ఊరికే కూర్చున్నాను. మాట్లాడకూడదు."

"పెళ్లి మాటలకి కూకున్న పెద్దమనిషి నోరు మూసుకుంటే, పీటల మీద ఏడిసీది పిల్లే."

చెయ్యి వాచింది, అదృష్టం బాగుండి తగ్గింది. డాక్టరు మళ్లీ రమ్మన్నా బావ మాత్రం మొండికేశాడు. రైలూ వద్దు, ఇమానమూ వద్దు, అసలు హైదరాబాదే వద్దు. మనిషి దక్కడేమోనని అక్క ఫోనులో బావురుమంది.

తర్వాతి సమావేశంలో మళ్లీ హ్యాండిళ్ల సంగతి వచ్చింది. మీట ఎక్కడుందో సీటు మీద గుర్తు ఉండాలన్నాను. ఒక కంపెనీ పెద్దమనిషి మర్యాదగా అడిగాడు: "ఇది ప్రభుత్వం మాటా, మీ మాటా?"

"మా బావ మాట" అన్నాను. నవ్వారు. నవ్వుతూనే రాసుకున్నారు. ఆఫీసులో నాకు అక్షింతలు పడ్డాయి.

కవిటికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

"రాసీసినారేటి? అయితే ఇమానాలన్నీ మారిపోయినట్టేనా?"

"లేదు బావా, ఏళ్లు పడుతుంది."

"మరి నీ రూలు నాకేటి పనికొత్తాది?"

"పనికి రాదు. కానీ ఆ మీట ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు."

"అదీ మాట. టికెట్టు తియ్యి."