చెలకలో గుర్రాల క్లబ్బు

దుబాయ్‌లో తొమ్మిదేళ్లు ఒక షేకు గుర్రాలకు దాణా పెట్టి, లద్ది ఎత్తి, ఊరికి తిరిగొచ్చాను. కొడిమ్యాల దగ్గర మాది చిన్న ఊరు. బోర్లు ఎండిపోయి, ఇంటికొకరు గల్ఫ్‌కో బొంబాయికో పోతున్న కాలం. నాకు తెలిసిన విద్య గుర్రాలొక్కటే. అది ఇక్కడి పిల్లలకు నేర్పితే పెళ్లి బరాత్‌లకో, పట్నంలో స్వారీ నేర్పే చోట్లకో పనికొస్తారు, కొందరైనా ఎడారికి పోకుండా ఆగుతారు అనుకున్నాను.

ఈ మాట మొదట చెప్పింది నా చిన్ననాటి దోస్తుకే. బళ్లో ఒకే బెంచీ మాది.

"గుర్రాలను నువ్వు సూసుకో, కడమదంత నేను సూసుకుంట" అన్నాడు.

సిరిసిల్లలో పెళ్లికొడుకులను మోసి మోసి అలిసిపోయిన తెల్లగుర్రం ఒకటి, కోరుట్లలో ఎర్రది ఒకటి కొన్నాం. నీళ్లు లేక పడావు పడ్డ మా మెట్ట చెలకలో గుంజలు పాతి, చుట్టూ తాడు కట్టి, బోర్డు పెడితే ఊరంతా నవ్వింది. అయినా చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు. కల్లు గీసే ఇంటి యువకుడొకడు మొదటి రోజే జీను లేకుండా ఎక్కి కూర్చున్నాడు. "తాడిచెట్టెక్కినోనికి గుర్రమెంతన్నా!" అని నవ్వాడు. దోస్తు అందరినీ గుర్రాల పక్కన నిలబెట్టి ఫోన్లో ఫొటోలు తీసేవాడు. మా క్లబ్బంటే వాడికి నాకన్నా ఎక్కువ మురిపెమని సంబరపడ్డాను.

ఆ ఎండాకాలం ఐదుగురు ఒక్కసారే రావడం మానేశారు. కల్లు గీసే ఇంటివాడూ అందులో ఉన్నాడు.

"కరీంనగర్ల పని దొరికిందట" అన్నాడు దోస్తు. నమ్మాను.

నెల తిరక్కముందే, తెల్లగుర్రాన్ని కడుగుతుంటే ఫోనొచ్చింది. కల్లు గీసే ఇంటివాడే.

"అన్నా, గీడ గుర్రాలు లేవు. గొర్లున్నయి, ఒంటెలున్నయి. పాస్‌పోర్టు గుంజుకున్నరు."

"యాడున్నవ్‌రా?"

"తెల్వది. అంత ఇసుకనే. గుర్రాల పని నువ్వే మాట్లాడినవని సెప్పిండు గదన్నా నీ దోస్తు. నిన్ను అడగద్దన్నడు."

నేను దోస్తు ఇంటికి పోయేసరికి అన్నం తింటున్నాడు. లేవలేదు.

"గల్ఫ్ ఏజెంటు నాకు గూడ గుర్రాల పనే అన్నడు. ఆనికి మన ఫొటోలు సూపిచ్చిన, గంతే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోనిస్తవా? నువ్వు నేర్పినవ్, నేను తోలిన. ఇద్దరం కలిసి చేసిన పనే గదరా."

వాడి భార్య ఎప్పటిలాగే నాకూ కంచం పెట్టింది. ఆ కంచం దాటి బయటికి వచ్చాను.

ఐదు ఇళ్లకూ నేనే పోయి చెప్పాను. ఒక తల్లి నా చొక్కా పట్టుకుని గుంజింది. ఠాణా చుట్టూ తిరిగాను, దుబాయ్‌లో నాతో పనిచేసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ఏడాదిన్నరలో ఐదుగురూ ఒక్కొక్కరే ఇల్లు చేరారు. అప్పటికి క్లబ్బుకు ఎవరూ రావడం లేదు.

కల్లు గీసే ఇంటివాడు ఆఖరున వచ్చాడు. బక్కచిక్కి, నల్లబడి, చెలక గట్టున నిలబడ్డాడు.

"నిజంగ నీకు తెల్వదా అన్నా?"

"తెల్వదురా."

నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. "గట్లనా" అని, గట్టు దిగి వెళ్లిపోయాడు.